పాలమూరు త్రోవలో ఊరు విడిచిన మనవారు



యాత్ర అనగానే కోటలు, జలపాతాలు, సముద్రతీరాలు మనకు జ్ఞాపకం వస్తాయి. ఈ నెల మేము వ్రాస్తున్నది అటువంటి యాత్రను గూర్చి కాదు. నల్గొండ మొదలుకొని దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా నారాయణపేట వరకు ఎర్రచెల్కల మధ్య సాగే త్రోవ ఇది. చూడవచ్చినవారికంటె విడిచి వెళ్లినవారే ఈ త్రోవను బాగా ఎరుగుదురు.

ఒక ఫిబ్రవరి నెలలో మా సంఘము నుండి నలుగురము ఈ త్రోవ వెంట ఊరూరు తిరిగాము. మాలో ఇద్దరు స్త్రీల సమాజపు సభ్యురాండ్రు, ఒక సంఘపెద్ద, ఒక సువార్తికుడు ఉన్నారు. వానకాలపు పంట ఇల్లు చేరి, ఊళ్లో కూలి దొరకడం కష్టమయ్యే కాలమది. వెళ్లిన ప్రతి ఊరిలో మేము అడిగినది ఒక్కటే ప్రశ్న: “మీ యింటివారు ఎక్కడ ఉన్నారు?”

నీటి ప్రక్కన దప్పిక

నల్గొండ జిల్లాకు నీరు లేదని చెప్పడానికి వీలులేదు. జిల్లా అంచునే కృష్ణానది పారుతున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దవాటిలో అది ఒకటి. యంత్రాలకంటె ఎక్కువగా మనుష్యుల చేతులే దానిని కట్టాయి. తట్టలు మోసినవారిలో, రాళ్లు కొట్టినవారిలో పాలమూరు కూలీలు ఎందరో ఉన్నారు.

ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరిపొలాలయ్యాయి. దేవరకొండ, మునుగోడు మెట్టలు కాలువకంటె ఎత్తున ఉన్నందున ఆ నీరు అక్కడికి ఎక్కలేదు. ఒకే జిల్లాలో ఒక ప్రక్క మూడు పూటల అన్నము, మరొక ప్రక్క ఆముదాలు, కందులు, వాన కోసం ఎదురుచూపు. వానలు తప్పితే బోర్లు వేశారు. బోర్లలో ఎంత లోతుకు పోతే అంత ఫ్లోరైడు నీరు వచ్చింది. ఆ నీరు త్రాగినవారికి పండ్లు గారపట్టాయి, కీళ్లు బిగిసిపోయాయి, ఎదిగే పిల్లల కాళ్లు వంకరపోయాయి. పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. ఒక ఊరి పేరు ఆ విధముగా పుస్తకాలకు ఎక్కడము గొప్ప సంగతి కాదు గదా! ఇటీవలి సంవత్సరాలలో మిషన్ భగీరథ కుళాయిల ద్వారా నదినీరు ఇండ్లకు వచ్చింది. అందుకు దేవునికి స్తోత్రము. అయితే వంగిన ఎముకలు తిన్ననివి కాలేదు, అప్పటికే ఊరు విడిచినవారు అందరూ తిరిగి రాలేదు.

హాజరు పుస్తకములోని అక్షరాలు

దేవరకొండ కోటను ప్రక్కన చూచుకుంటూ ముందుకు సాగి, ఒక పల్లెలో ఆదివారపు ఆరాధనకు చేరాము. మందిరము చిన్నది, చాపలు పెద్దవి. చాపలమీద ముందు వరుసలో పిల్లలు, వెనుక వరుసలో ముసలివారు కూర్చున్నారు. నడుమ వరుస లేదు. పాటకు తప్పెట కొట్టేవాడు కూడా లేడు. కొట్టే కుర్రవాడు పూణెలో సెంట్రింగు పనికి వెళ్లాడట.

ఆరాధన ముగిసిన తరువాత అయ్యగారు మాకు హాజరు పుస్తకము చూపించారు. కొన్ని పేర్ల ప్రక్కన ‘బొ’ అని, కొన్నింటి ప్రక్కన ‘పూ’ అని, మరికొన్నింటి ప్రక్కన ‘హై’ అని ఎర్ర సిరాతో వ్రాసి ఉంది. బొంబాయి, పూణె, హైదరాబాదు అన్నమాట. “పేరు కొట్టివేయలేదు, గైరుహాజరు వేయలేదు. కొట్టివేస్తే మనవారు కాకుండా పోతారు. గైరుహాజరు అంటే రాగలిగి రానివారన్నట్టు అవుతుంది. అందుకని ఊరి పేరులో మొదటి అక్షరము వ్రాసి, ఆ అక్షరాలనుబట్టి ప్రార్థన చేస్తున్నాము” అన్నారు ఆయన. ఈ ప్రయాణమంతటిలో మా మనస్సుకు ఎక్కువగా హత్తుకున్నవి ఆ ఎర్ర అక్షరాలే.

ఆ పల్లెలోనే ఒక ముసలి తల్లి ఇంటికి వెళ్లాము. కొడుకు, కోడలు బొంబాయిలో ఉన్నారు. ముగ్గురు మనుమసంతానము ఆమె దగ్గర, చంటిది తల్లి దగ్గర.

“పిల్లలకు వండిపెట్టేది ఎవరమ్మా?” అని అడిగాము.

“నేనే అమ్మగారూ. చూపు ఆనదు. పెద్దపిల్ల రొట్టెలు చేస్తది. అయిదో తరగతి అది. మంచిగ చదువుతదని సారు అంటడు. ఉగాదికొచ్చి దాన్ని తోల్కపోతమని కోడలు ఫోన్ చేసింది. చంటిదాన్ని చూసుకోనీకి ఎవరు లేరంట. నేనైతే పంపనన్న. నేనున్నన్ని దినాలు ఆపుత. నేను పోయినంక ఎవరాపుతరు?”

మేము జవాబు చెప్పలేదు. కోడలిని తప్పు పట్టడానికి లేదు. తల్లి తట్ట మోస్తుంటే ఇసుక కుప్ప ప్రక్కన చంటిబిడ్డను ఎవరు చూస్తారు? ముసలి తల్లిదీ తప్పు కాదు. అక్షరము వచ్చిన పిల్ల ఆ ఇంటిలో అదే మొదటిది. వలస అనేది పెద్దవారి కాళ్లతో మొదలై పిల్లల చదువుతో ముగుస్తున్నది. మేము అన్ని ఊళ్లలోను చూచినది ఇదే.

అడ్వాన్సు అనే త్రాడు

పాలమూరు లేబరు అనే మాట దేశమంతటా ఎట్లు పుట్టిందో మన పిల్లలకు తెలియాలి. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టించే గుత్తేదార్లకు నమ్మకమైన కూలీలు కావలసి వచ్చారు. వారు ఊళ్లలోని మేస్త్రీలకు సొమ్ము ఇచ్చేవారు. మేస్త్రీ ఆ సొమ్మును ఇంటింటికి అడ్వాన్సుగా పంచేవాడు. పెండ్లికో, బోరుకో, వైద్యానికో, పాత బాకీకో ఆ సొమ్ము పోయేది. దానికి బదులుగా భార్యాభర్తలు ఒక జతగా నెలల తరబడి ఎక్కడికి తీసుకొని పోతే అక్కడ పని చేయాలి. తిండి ఖర్చు మాత్రము వారం వారం ఇస్తారు. లెక్క చివర చూస్తారు. లెక్క వ్రాసేది మేస్త్రీ, వ్రాత రానివాడు కూలి. చివరకు బాకీ మిగిలితే మరుసటి ఏడు మళ్లీ పోవాలి. ఆ విధముగా సాగర్, శ్రీశైలము మొదలుకొని పరాయి రాష్ట్రాల ప్రాజెక్టుల వరకు మనవారి చెమట పారింది.

మేస్త్రీలందరూ చెడ్డవారు కారు. మేస్త్రీ కూడా మన ఊరివాడే, అతని మీదా పై గుత్తేదారు బాకీ ఉంటుంది. అయినను త్రాడు త్రాడే.

చట్టము లేకపోలేదు. వెట్టిచాకిరిని రద్దుచేసే చట్టము 1976లో వచ్చింది. బాకీ పేరుతో మనిషిని నిర్బంధించి పని చేయించడము దాని ప్రకారము నేరము. రాష్ట్రాలు దాటి వెళ్లే కూలీల కొరకు 1979లో మరొక చట్టము వచ్చింది. ఫోటో అంటించిన పాసుపుస్తకము, ప్రయాణపు ఖర్చు, వలస వెళ్లినందుకు తిరిగి ఇవ్వనక్కరలేని భత్యము, ఉండటానికి చోటు, వైద్యము, ఇవన్నీ అందులో వ్రాయబడ్డాయి. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కార్మిక స్మృతిలో దానిని చేర్చారు. పేరు ఏదైనను కాగితము మీద హక్కు ఉంది. కాని ఈ త్రోవలో మేము పలుకరించిన కూలీలలో పాసుపుస్తకము చూపగలిగినవారు ఒక్కరును కనబడలేదు.

డిండి దగ్గర ఒక నిట్టూర్పు

దేవరకొండ నుండి వచ్చే త్రోవ డిండి దగ్గర హైదరాబాదు–శ్రీశైలము రహదారిని కలుస్తుంది. ఆ రహదారి మీద దక్షిణముగా పోతే నల్లమల అడవులు, దోమలపెంట వస్తాయి. శ్రీశైలము జలాశయపు నీటిని కొండ లోపలినుండి నల్గొండ మెట్టలకు తేవడానికి ఆ ప్రక్కనే సొరంగము త్రవ్వుతున్నారు. దాని పొడవు సుమారు 44 కిలోమీటర్లు. మన ఫ్లోరైడు పల్లెలకు, ఎండిన చెల్కలకు ఆ నీరు రావలసి ఉంది.

2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగపు పైకప్పు కూలింది. లోపల 8 మంది చిక్కుకున్నారు. వారు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబు, జమ్మూ కాశ్మీరు నుండి పనికి వచ్చినవారు. సైన్యము, సింగరేణి గనుల సిబ్బంది, ఇంకా అనేక దళాలు రాత్రింబగళ్లు బురదలో వెదికాయి. ఒక్కరును ప్రాణాలతో బయటకు రాలేదు. నెల దాటేవరకు దొరికినవి రెండు దేహాలే.

ప్రియులారా, ఒక్కసారి ఆలోచించండి. ఒకనాడు పాలమూరు బిడ్డలు పరాయి ప్రాంతపు పొలాల కొరకు ఆనకట్టలు కట్టి అక్కడక్కడ కన్నుమూశారు. ఇప్పుడు ఎక్కడో జార్ఖండ్ పల్లెలో పుట్టిన కుమారులు మన పొలాల నీటి కొరకు మన కొండలో ప్రాణాలు విడిచారు. మన దేవరకొండ పల్లెలోని ముసలి తల్లివంటి తల్లి ఆ పల్లెలోను ఉంటుంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులై ఉండి బాధపడినవారు గనుక తమ మధ్య ఉన్న పరదేశిని బాధింపకూడదని దేవుడు వారికి ధర్మశాస్త్రములో ఆజ్ఞాపించిన సంగతి మనకు తెలుసు. ఆ ఆజ్ఞ ఈ రెండు జిల్లాలకు మరీ ఎక్కువగా వర్తిస్తుంది.

మనకు సువార్త తెచ్చినవారు ఎవరు?

కల్వకుర్తి దాటి జడ్చర్ల చేరాము. జడ్చర్ల అనగానే ఈ ప్రాంతపు పెద్దలకు మిషను ఆసుపత్రి జ్ఞాపకము వస్తుంది. అక్కడికి 15 కిలోమీటర్ల దూరములోనే మహబూబ్‌నగర్. 1890లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పేరిట ఆ పేరు వచ్చింది గాని, జనుల నోటిలో అది నేటికీ పాలమూరే.

ఈ నేలమీది సంఘాల చరిత్రను మనము తెల్లవారు వచ్చారు, సువార్త చెప్పారు అని రెండు మాటలలో ముగిస్తాము. వారు ఎవరో తెలిస్తే మన కన్నులు తెరుచుకుంటాయి. 1890లో నల్గొండలో పని మొదలుపెట్టిన అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు రష్యా దేశపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘమువారు. అమెరికను బాప్టిస్టు మిషనుతో కలిసి వారు పనిచేశారు. మెన్నొనైట్లు పుట్టుకతో రష్యావారు కారు. విశ్వాసము నిమిత్తము హింస పొంది, వారి పితరులు నెదర్లాండ్స్ ప్రాంతమునుండి ప్రష్యాకు వలసపోయారు. ఆయుధము పట్టము అన్నందుకు అక్కడా ఇబ్బంది కలిగి 1789 మొదలుకొని రష్యాకు వలసపోయారు. అక్కడ కూడా సైన్యపు చట్టము వచ్చినప్పుడు 1874 నుండి వేలాదిమంది అమెరికాకు ఓడలెక్కారు. అట్లు వెళ్లినవారి అమెరికా సంఘమే 1899లో హైదరాబాదు రాజ్యానికి తన మొదటి మిషనరీలను పంపింది. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి ప్రాంతాలలో మందిరాలు, బడులు, బోర్డింగులు లేచాయి. 1937లో బాప్టిస్టులు మహబూబ్‌నగర్ పనిని కూడా వారికే అప్పగించారు.

ఇంతలో నల్గొండకు మిషనరీలను పంపిన రష్యా సంఘము ఏమైంది? యుద్ధము, విప్లవము, 1921–22 కరవు వచ్చాయి. తరువాతి ఏండ్లలో సుమారు 20,000 మంది కెనడాకు తరలిపోయారు. పంపిన సంఘమే చెదరిపోయింది. పంపబడిన వాక్యము మాత్రము ఈ ఎర్రనేలలో నిలిచింది.

మన తట్టు కూడా చూడండి. 1876–78 కరవులో ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో ఇల్లు విడిచిన దళితులకు అక్కడ పని దొరికింది, కూలి దొరికింది. బోధకులే అక్కడ పనిని కనిపెట్టి చూచేవారు. ఆహారము కొరకు ఎవరూ విశ్వాసులు కాకూడదని కరవు తీరేవరకు ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. తెలుగు క్రైస్తవ సంఘము తట్ట, పార పట్టిన వలస కూలీల గుడారాలలో పెరిగింది. మేస్త్రీ స్థానములో న్యాయము తెలిసినవాడు నిలిచినప్పుడు ఏమి జరుగుతుందో కూడా ఆ కాలువ చెబుతున్నది.

మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది. కొమ్మలనుండి ఊడలు దిగి, అవే మ్రానులై, ఎకరాల మేర పరచుకున్న ముసలి చెట్టు అది. 2018లో దానికి చెదలు పట్టినప్పుడు మనిషికి ఎక్కించినట్టే సెలైను సీసాలతో మందు ఎక్కించి బ్రతికించారు. చెట్టుకు చేసినపాటి సేవ చెదరిన కుటుంబాలకు మనము చేయలేమా అని మాలో ఒకరు అన్నారు.

బొంబాయి బస్సు

దేవరకద్ర, మరికల్ దాటి నారాయణపేటకు పోయాము. పేటలో పట్టుచీరలు నేస్తారు. చుట్టుప్రక్కల పల్లెలు, అటు కోస్గి, మద్దూరు ప్రాంతాలు బొంబాయికి మనుష్యులను పంపుతాయి. ఈ బంధము నిన్న మొన్నటిది కాదు. నిజాము రాజ్యమునుండి బొంబాయికి కట్టుబడి పనులకు వెళ్లిన తెలుగు కామాఠీల పేరిటనే అక్కడ కామాఠిపుర అనే పేట వెలిసింది. రెండు వందల ఏండ్లుగా మనవారు ఆ నగరాన్ని కడుతున్నారు.

1990ల ఆరంభములో మహబూబ్‌నగర్ నుండి బొంబాయికి వారానికి ఒక్క బస్సు ఉండేది. 2003 నాటికి వారానికి 30కి పైగా బస్సులు పోతున్నాయని పత్రికా రచయిత పి. సాయినాథ్ వ్రాశారు. మక్తల్ అవతల కృష్ణ రైల్వే స్టేషను బొంబాయి–మద్రాసు రైలు మార్గములోనే ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు పనీ లేక, బండీ లేక, మూటలు నెత్తిన పెట్టుకొని నడిచినవారిలో మనవారు కూడా ఉన్నారు. కొన్ని ఊళ్లలో సొంతవారినే ఊరి బయట నిలిపివేశారు. కొన్ని ఊళ్లలో బడి తెరిచి అన్నము పెట్టారు. ఏ ఊరివారు ఏమి చేశారో తిరిగి వచ్చినవారు మరచిపోలేదు.

న్యాయముగా మంచి సంగతి కూడా చెప్పాలి. 1981లో శంకుస్థాపన జరిగిన జూరాల ప్రాజెక్టు నీరు 1990లలో పొలాలకు చేరింది. తరువాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల పథకాల నీరు వచ్చింది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకము మొదలైన మొదటి జిల్లాలలో మన రెండు జిల్లాలు ఉన్నాయి. నీరు చేరిన ఊళ్లలో కొన్ని కుటుంబాలు తిరిగి వచ్చి ఇండ్లకు తాళాలు తీశాయి. ఇప్పుడు మన మడులలో నాట్లు వేయడానికి బీహారు, బెంగాలు నుండి కూలీలు వస్తున్నారు. బేత్లెహేములో మళ్లీ ఆహారము దొరుకుతున్నదని విని నయోమి తిరిగి వచ్చినట్టే మనవారు వచ్చారు. అయితే నయోమితో కూడ పరదేశియైన రూతు వచ్చింది. ఆ రూతును బోయజు పొలములో ఎట్లు చూచారో మనకు తెలుసు. మన పొలానికి వచ్చిన రూతును మనము ఎట్లు చూస్తున్నాము?

సముద్రము దాటిన కాపరి

మన తాతల నాటి సంగతి ఒకటి చెప్పి, చేయదగిన వాటికి వస్తాము. 1860లో మద్రాసునుండి మొదటి కూలీల ఓడ దక్షిణాఫ్రికాలోని నాటాలుకు చేరింది. తరువాతి ఏండ్లలో చెరకు తోటలకు, తేయాకు తోటలకు వెళ్లినవారిలో తెలుగు బాప్టిస్టు విశ్వాసులు కూడా ఉన్నారు. కాపరి లేక వారు స్వదేశపు సంఘాన్ని అడిగారు. ఇక్కడి తెలుగు సంఘాలు, అప్పటికి బీద సంఘాలు, తమ కానుకలతో జాన్ రంగయ్యగారిని 1903లో పంపాయి. అదే సంవత్సరము కెర్స్‌నీ అనే తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడింది. ఆయన 1915లో మరణించేవరకు ఆ కూలీల మధ్యనే పనిచేశారు.

ఓడలో వారాల తరబడి పోవలసిన దూరానికి, పిడికెడు బియ్యపు కానుకల కాలములో, సంఘము తన వారి వెంట వెళ్లింది. మనకు రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారి బొంబాయి వస్తుంది. చేతిలో ఫోను ఉంది. వెళ్లకపోవడానికి మనకు ఏ సాకు ఉంది?

చేయదగినవి కొన్ని, మేము చూచినవాటినుండి చెబుతున్నాము.

ప్రతి సంఘములో వలస పుస్తకము ఒకటి ఉండాలి. ఎవరు, ఎక్కడికి, ఏ మేస్త్రీతో, ఎంత అడ్వాన్సుతో, ఏ ఫోను నంబరుతో వెళ్లారో వ్రాయాలి. ఆపద వచ్చినప్పుడు ఆ పేజీ ప్రాణము కాపాడుతుంది.

అడ్వాన్సు తీసుకొనేటప్పుడు చదువు వచ్చిన సంఘపెద్ద ఒకరు సాక్షిగా కూర్చోవాలి. మొత్తము, కూలి రేటు, ఎన్ని నెలలు అనేవి కాగితము మీద వ్రాసి, ఒక ప్రతి ఇంటివద్ద ఉంచాలి. మేస్త్రీలలో విశ్వాసులు ఉన్నారు. వారికి క్లౌ దొరగారి కాలువ సంగతి చెప్పాలి.

వెళ్లేవారి చేతికి సంఘపు ఉత్తరము ఇవ్వాలి. బొంబాయి, పూణె, హైదరాబాదులలో తెలుగు ఆరాధనలు జరిగే సంఘాలు ఉన్నాయి. అక్కడి కాపరికి ముందుగా ఒక ఫోను చేస్తే కొత్త ఊరిలో వారికి ఒక తలుపు తెరుచుకుంటుంది.

మిగిలిన పిల్లలు సంఘపు పిల్లలే. తల్లిదండ్రులు తిరిగి వచ్చేవరకు వారిని హాస్టలులో చేర్చడమో, సాయంకాలము ఒక ఇంటిలో చదివించి అన్నము పెట్టడమో మన స్త్రీల సమాజాలు చేయగల పని. దేవరకొండ అవతలి పల్లెలో అదే జరిగింది. మేము తిరిగి వచ్చిన తరువాత అక్కడి అమ్మగారు ఫోను చేశారు. ఆ ముసలి తల్లి ఇంటికి స్త్రీల సమాజమువారు వంతులవారీగా వెళ్లి వంటకు సాయపడుతున్నారు. కోడలితో మాట్లాడి, చంటిబిడ్డను కూడా ఊరికే పంపమని ఒప్పించారు. చంటిది నాయనమ్మ దగ్గరకు వచ్చింది. పెద్దపిల్ల బడికి పోతున్నది. తల్లికి బిడ్డ ఎడబాటు మిగిలింది. ఆ బాధను మేము చిన్నదిగా చెప్పము. అయినను ఒక పిల్ల చేతిలో పలక నిలిచింది.

చివరిది, మన ఊరికి పనికి వచ్చిన పరరాష్ట్రపు కూలీకి మంచినీళ్లు, సరియైన కూలి, క్రిస్మసు నాడు మన పంక్తిలో ఒక విస్తరి. అతని భాష మనకు రాదు. మనవారి భాష బొంబాయిలో ఎవరికి వచ్చింది?

బాల యేసును ఎత్తుకొని యోసేపు మరియలు రాత్రివేళ ఐగుప్తుకు వెళ్లారు. మన రక్షకుని బాల్యమే పరాయి దేశములో మొదలైంది. కాబట్టి ఊరు విడిచిన మనిషి దేవునికి దూరమైనవాడు కాడు. సంఘము మరచిపోతేనే అతడు ఒంటరివాడవుతాడు. ఈ పత్రిక చదివే ప్రతి కుటుంబమును మేము కోరేది ఇది: ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఊరు విడిచిన ఒకరి పేరు, ఊరికి వచ్చిన ఒకరి పేరు దేవుని సన్నిధిలో చెప్పండి. పేరు తెలియకపోతే రేపు ఉదయమే వెళ్లి అడిగి తెలుసుకోండి.